ఆఠీను కాయ

విత్తన తనిఖీ అధికారి లిఫ్టులో చనిపోయాడు.

కింద ఎక్కేటప్పుడు బతికే ఉన్నాడు. అయిదో అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి గోడకు జారబడి, కళ్ళు తెరుచుకుని, ఎవరో ఏదో చెబుతుంటే వింటున్నవాడిలా కూర్చుని ఉన్నాడు. గుండె ఆగి పోయాడని డాక్టరు రాశాడు. పిడికిలి విప్పితే అందులో చిన్న పొట్లం, పొట్లంలో ఇంకో మూడు గుండెలు దొరికాయి.

"ఇవే," అన్నాడు నిఘా శాఖ పెద్దాయన, బల్ల మీద గాజు పలకను ముందుకు తోస్తూ.

చిటికెన వేలి గోరంత ఎండు కాయలు మూడు. పేకముక్క మీద ఆఠీను గుర్తు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉన్నాయి. పైన రెండు భుజాలు, కింద మొన.

"మెడ వెనక సూది గుర్తు ఉంది. ఆ డాక్టరుకి కనబడలేదు. మన డాక్టరుకి కనబడింది."

"ఎవరి పని సార్?"

"గానుగ."

తక్కెడ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. సరిహద్దు అవతల నూనె వ్యాపారం ముసుగులో నడిచే గూఢచారి ముఠాకు శాఖ ఫైళ్ళలో ఉన్న పేరు గానుగ. తక్కెడ అన్నది అతని పేరు. పద్దెనిమిదేళ్ళుగా ఇంట్లోవాళ్ళకూ ఇరుగుపొరుగుకూ అతను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. అందుకని సహోద్యోగులు ముద్దుగా తగిలించిన పేరు అలాగే అంటుకుపోయింది.

"ఈ కాయలున్న పొట్లం మీద ‘ఆవాలు, మూల విత్తనం’ అని రాసుంది. ఆవాల కాయ సన్నగా, పొడుగ్గా ఉంటుందని నాకూ తెలుసు. మరి ఇదేంటో చెప్పమని ఇద్దరు శాస్త్రవేత్తల్ని అడిగాను. ఇద్దరూ గంట తిరక్కముందే ఎవరికో ఫోన్లు చేశారు." పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఈ పొట్లం మీద పేరున్న విత్తనాల కంపెనీలో మన మనిషి ముత్యం ఉంది కదా. ఇవాళ సాయంత్రం నాలుగింటికి అక్కడి నుంచి లారీలు బయల్దేరుతున్నాయట. వచ్చే పంటకి దేశమంతా వేసే విత్తనం. ఈలోపు ఇదేంటో తేలాలి. మొక్కల గురించి అన్నీ తెలిసి, మన ఫైళ్ళలోగానీ వాళ్ళ ఫైళ్ళలోగానీ పేరు లేని మనిషి కావాలయ్యా."

అలాంటి మనిషి ఒకరున్నారు. రెండు నెలలుగా అతని ఇంట్లోనే, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, అతను ఎన్నింటికి వెళ్ళి ఎన్నింటికి వస్తున్నాడో చూస్తున్నారు.

* * *

అత్తగారు ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆవిడ ముందు అబద్ధం ఆడాల్సి వచ్చినప్పుడల్లా తక్కెడకు, శత్రువుల విచారణ గదిలో కూడా పట్టని చెమట పట్టేది.

"ఆఫీసులో చిన్న గొడవండీ అత్తయ్యగారూ. ఒక కంపెనీవాళ్ళు ఆవాలని చెప్పి ఇంకేదో తూచి అమ్ముతున్నారు. కాస్త చూస్తారా?"

ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి భూతద్దం తీశారు. అందులో భూతద్దం వేసుకు తిరిగే ఆడమనిషిని అతను తన శాఖలో కూడా చూడలేదు. కాయను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

"ఆవాల మొక్కకి దూరపు చుట్టం ఒకటుంది బాబూ. కలుపు మొక్క. దాని కాయలు ఇలా ఉంటాయి. కానీ ఈ తొడిమా, గింజా ఆవాలవే. ఆవాల కాయకి ఆ చుట్టం భుజాలు తెచ్చి పెట్టారు."

"అందం కోసమా అండీ?"

"అందానికి ఇంత కష్టం ఎవరు పడతారు? వాళ్ళకి కావలసింది భుజాలు కాదు. ఇదిగో, ఈ కుట్టు."

గోటితో కాయ అంచును తాకారు. టప్. కాయ రెండు చెక్కలై, గింజలు ఎగిరి కిటికీ అద్దానికి కొట్టుకున్నాయి. తక్కెడ సగం లేచాడు. చెయ్యి దానంతటదే చంక కిందికి వెళ్ళింది. సర్దుకుని చొక్కా గుండీ సవరించుకున్నట్టు నటించాడు. అత్తగారు చూశారు.

"అడవిలో మొక్కకి కాయ పగలడమే బతుకు," అన్నారు భూతద్దం తుడుస్తూ. "గింజలు తల్లి నీడలోనే రాలితే వాటికి ఎండ దక్కదు, చోటు దక్కదు. అందుకే దూరంగా విసిరేస్తుంది. రైతుకి అది పనికిరాదు. పగిలినవి చేలోనే పోతాయి, పగలని కాయలే ఇంటికొస్తాయి. వాటినే మళ్ళీ విత్తుతాడు. అలా వేల ఏళ్ళు గడిచేసరికి కాయ పగలడం మర్చిపోయింది. దానికెవరో మళ్ళీ గుర్తు చేశారు."

"మరి భుజాలెందుకొచ్చాయి?"

"అక్కడే దొరికిపోయారు. ఒక్క జన్యువుకి రెండు పనులు. కాయ ఏ గీత మీద పగలాలో చెప్పేది అదే. ఆ కలుపు మొక్కలో దాని మాట గీత దాటి చెక్కలదాకా వినబడుతుంది. అందుకే పై అంచులు భుజాల్లా పెరుగుతాయి. వీళ్ళు పగలడం కోసమని ఆ జన్యువుని స్విచ్చితో సహా ఎత్తుకొచ్చారు. దాంతో ఆకారమూ వెంట వచ్చింది. దొంగ గజ్జెలు కట్టుకుని పరిగెత్తినట్టు!"

"ఈ గింజలు పొలాల్లో పడితే?"

ఆవిడ భూతద్దం మూత పెట్టారు.

"కోతకి ముందు నాలుగు రోజులు ఎండ గట్టిగా కాస్తే చాలు. చేను చేనంతా రాలిపోతుంది. రైతు కొడవలితో వెళ్ళేసరికి ఉత్త పుల్లలుంటాయి. రాలిన గింజ ఊరికే పోతుందా? ఏళ్ళ తరబడి నేలలో పడుండి మొలుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత నూనెచుక్క కావాలంటే పొరుగుదేశం గుమ్మం తొక్కాల్సిందే."

"గింజని చూసి ఏరెయ్యొచ్చు కదండీ?"

"గింజలన్నీ ఒకేలా ఉంటాయి. కాయ ఉన్నంతసేపే సాక్ష్యం." లేచి చెప్పులు వేసుకున్నారు. "పదండి. కాయలు కాయలుగా ఉండగానే చూడాలి."

"మీరెందుకండీ ఈ ఎండలో..."

"ఆఠీను కాయకీ, నలిగిన మామూలు కాయకీ తేడా మీకు తెలుస్తుందా?"

తెలియదు. పెద్దాయనకు ఫోన్ చేస్తే, "జాగ్రత్తగా తీసుకెళ్ళు. ముత్యం చూసుకుంటుంది," అన్నాడు.

* * *

తక్కెడ చేతిలో ఇత్తడి తూనికరాళ్ళ పెట్టె. అత్తగారి చేతిలో రిజిస్టరు, భుజాన బ్యాగు, బ్యాగులో మంచినీళ్ళ సీసా. ఇన్‌స్పెక్టరుగారూ, ఆయన అసిస్టెంటూ. విత్తనాల కంపెనీ గేటు దగ్గర ఎవరూ రెండోసారి చూడలేదు.

ముత్యం ఎదురొచ్చింది. ఎగుమతుల మేనేజరు. ఆకుపచ్చ పట్టు దుస్తులు, మెడలో ఒంటిపేట ముత్యాలు. ఆమె నడిచొస్తుంటే గుమాస్తాలు చేతిలో పని మర్చిపోయి, మళ్ళీ గుర్తు తెచ్చుకుని తలలు దించుకున్నారు.

"మీ తక్కెడలో ముల్లు ఎటు మొగ్గుతుందండీ ఇన్‌స్పెక్టరుగారూ?"

"గాలి ఎటుంటే అటు మేడమ్."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వు మారకుండా గొంతు మాత్రం తగ్గించింది. "రెండో అంతస్తు, ఆరబెట్టే గది. సరుకంతా అక్కడే ఉంది. పది నిమిషాల కంటే ఎక్కువ ఇవ్వలేను. ఆయుధం ఉంటే నాకివ్వండి, పైన తనిఖీ ఉంటుంది."

మూడేళ్ళుగా ఆమె పంపిన సమాచారంలో ఒక్క అక్షరం తప్పు కాలేదు. ఇచ్చేశాడు.

ఆరబెట్టే గది రేకు గోడల పెట్టెలా ఉంది. రెండు వైపులా నేల నుంచి కప్పు దాకా ఇనప అరలు. అరల నిండా జల్లెడ అడుగున్న ట్రేలు. ట్రేల నిండా ఆఠీను కాయలు, వేలకు వేలు. కింద నేలంతా ఉక్కు జాలీ, దాని కింద పెద్ద గరాటు.

అత్తగారు ఒక ట్రే మీదికి వంగారు. "అల్లుడుగారూ, ఇవి ఒక్క రోజులో..."

వెనకాల ఠక్‌మంది.

తక్కెడ తిరిగి చూసేసరికి తలుపు లేదు. నున్నటి రేకు, మధ్యలో అరచేయంత అద్దం, అద్దంలో ముత్యం మొహం. గోడ మీది స్పీకరు గరగరమంది.

"క్షమించండి ఇన్‌స్పెక్టరుగారూ. పది నిమిషాలన్నాను కదా, కాస్త ఎక్కువ పడుతుంది."

ఎక్కడో యంత్రం గుర్రుమని లేచింది. పై గొట్టాల్లోంచి వేడిగాలి దిగింది.

"మూడేళ్ళు మాకు నిజాలే చెప్పావు," అన్నాడు తక్కెడ.

"నిజాలు చెప్పకపోతే మీరు నమ్మరు కదా. లిఫ్టులో ఆయన కూడా నమ్మాడు." ఆమె గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "చూడండి ఎంత శుభ్రమైన పనో. కోత లేదు, నూర్పిడి లేదు, కూలీలు లేరు. గదిలో తేమ పన్నెండు శాతానికి దిగితే కాయలు వాటంతటవే పగిలిపోతాయి. గరాటు కింద పలక తెరుచుకుంటుంది. గింజలు కింది గాదెలో మూల విత్తనంతో కలిసిపోతాయి. నాలుగింటికి లారీలు. అయిదింటికి, యంత్రం నడుస్తున్న గదిలోకి అనుమతి లేకుండా దూరిన ఇద్దరు ఉద్యోగుల గురించి నేనే పోలీసులకి ఫోన్ చేస్తాను. పాపం, పెద్దావిడ కూడా!"

స్పీకరు ఆగిపోయింది. టైము మూడు దాటి అయిదు నిమిషాలు.

తక్కెడ చేతిగడియారం మీట నొక్కాడు. శాఖకు సంకేతం వెళ్ళాలి. ఎర్ర చుక్క వెలగలేదు, రేకు గోడలు దాన్ని బయటికి పోనివ్వడం లేదు. బెల్టు బకిల్‌లో తాళాలు తెరిచే తీగ ఉంది. ఈ తలుపుకు తాళంకప్పే లేదు. అయస్కాంతం పట్టు. భుజంతో మూడుసార్లు గుద్దాడు. నాలుగోసారి అత్తగారు చొక్కా పట్టుకుని ఆపారు.

"భుజం విరుగుతుంది. కాస్త ఆలోచిద్దాం."

తలుపు పక్కన గోడకు చిన్న పెట్టె. ముత్యం చూసే అద్దంలోంచి అది కనబడదు. దాని మీద రెండు అంకెలు. వేడి నలభై ఒకటి. తేమ ముప్పై రెండు. అంకెల కింద ఎర్ర కాగితం: యాభై ఆరు డిగ్రీలు దాటితే మెయిన్ పడిపోతుంది.

తక్కెడ దాన్ని రెండుసార్లు చదివాడు.

"అత్తయ్యగారూ, కరెంటు పోతే అయస్కాంతం పట్టు వదులుతుంది. తలుపు తెరుచుకుంటుంది."

"యాభై ఆరుకి పోతుందా?"

"పోతుంది. కానీ అంతవరకూ రానివ్వరండీ. తేమ పన్నెండుకి దిగగానే హీటరు ఆగుతుంది, పలక తెరుచుకుంటుంది. అప్పటికి వేడి నలభై ఆరో, నలభై ఏడో."

"తేమ దిగకపోతే?"

"హీటరు ఆగదు. వేడి పెరుగుతూనే ఉంటుంది." అతను ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. "మెయిన్ పడేసరికి మనం ఎలా ఉంటామో..."

అడకత్తెరలో పోకచెక్క బతుకు. యంత్రాన్ని దాని మానాన వదిలేస్తే పొలాలు పోతాయి. ఆపాలంటే తామే ఉడకాలి.

అత్తగారు అప్పటికే బ్యాగు తెరిచారు. నీళ్ళ సీసా తీశారు, సగానికి పైనే ఉంది. చేతిరుమాలు తీశారు. పెట్టె కింద బొటనవేలంత సెన్సర్ బుడిపె ఉంది. తడిపిన రుమాలును దాని చుట్టూ చుట్టి, ముడి వేశారు.

"మా ల్యాబులో తేమ కొలిచే బల్బుకి ఇలాగే తడిగుడ్డ చుట్టేవాళ్ళం. గుడ్డ తడిగా ఉన్నంతసేపు దీనికి గదంతా తడే." తేమ అంకె నలభై దాటింది, యాభై దాటింది. "అబద్ధం చెప్పించాం పాపం."

"ఆగండి. ఇంకోసారి ఆలోచించండి. మీ వయసుకి..."

"నా వయసెంతో తర్వాత లెక్కపెడదాం. ఆ రైతులు ఎంతమందో ముందు లెక్కపెట్టండి."

ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. జాలీ వేడెక్కుతోంది. నలభై నాలుగు. నలభై ఆరు. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల మండుతోంది. చెమట పట్టినట్టే పట్టి, మొహం మీదే ఆరిపోయి ఉప్పు మిగులుతోంది. రుమాలు కూడా అంతే. అయిదు నిమిషాలకోసారి దాని మీద నీళ్ళు పొయ్యాలి. పోసిన ప్రతిసారీ సీసాలో మట్టం చూసుకుంటున్నాడు తక్కెడ.

"మీరు తూనికల ఇన్‌స్పెక్టరు కాదు," అన్నారు అత్తగారు ఉన్నట్టుండి.

అతను సీసా మూత బిగించాడు.

"మీ వంటింట్లో తక్కెడ నాలుగేళ్ళుగా కిలోకి యాభై గ్రాములు తక్కువ చూపిస్తోంది. ఏ ఇన్‌స్పెక్టరైనా ఊరుకుంటాడా? చంకలో ఏదో పెట్టుకు తిరుగుతారు. ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్తారు. నెలకి నాలుగు రోజులు మాయం. మా అమ్మాయి అడగదు, అది పిచ్చిమాలోకం. నేను ఎందుకొచ్చాననుకున్నారు రెండు నెలల్నుంచి?"

"కీళ్ళ డాక్టరుకి చూపించుకోవడానికని..."

"నా కీళ్ళు బాగానే ఉన్నాయి. మీకు ఇంకో సంసారం ఉందేమో కనుక్కుందామని వచ్చాను."

తక్కెడ నోరు తెరిచాడు. ఆ వేడిలో, ఆ చావు గదిలో, అతనికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా తిరిగిన ప్రతి గదికీ వెనక దారి ఉందో లేదో చూసుకున్న మనిషి. సొంత ఇంట్లో మాత్రం, చెప్పిన అబద్ధంలోంచి బయటపడే దారి ఒక్కనాడూ కనబడలేదు.

"లేదండీ," అన్నాడు. "ఇంకో సంసారం లేదు. ఇదే."

"ఇదా!" ఆవిడ చుట్టూ చూశారు. "ఇంతకంటే అదే నయమేమో."

పై అరలో టప్‌మంది. ఇద్దరూ తలెత్తారు. ఆవగింజలు జాలీలోంచి కిందికి జారిన చప్పుడు. మళ్ళీ టప్. ఇంకో మూల రెండు.

"పై అరల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది," అన్నారు అత్తగారు. "సెన్సర్ని మోసం చెయ్యగలంగానీ కాయల్ని చెయ్యలేం. పగలనివ్వండి. పలక మూసున్నంతవరకూ అన్నీ గరాటులోనే ఉంటాయి. ఖాళీ చెక్కలు మన సాక్ష్యం."

టపటపలు పెరిగాయి. ఎండుటాకుల మీద వడగళ్ళు పడుతున్నట్టు గది నిండా చప్పుడు. గింజలు మెడకూ చెవులకూ తగులుతున్నాయి. యాభై. అత్తగారి పెదాలు తెల్లబడి పగిలాయి. మాట మధ్యలో కళ్ళు మూసుకుని మళ్ళీ తెరుస్తున్నారు.

స్పీకరు గరగరమంది. "లోపల ఏం చేస్తున్నారు మీరు? తేమ దిగడం లేదేంటి?" ముత్యం గొంతులో మొదటిసారి పదును. ఎవరితోనో అంటోంది: "ఇద్దరు మనుషుల చెమట. ఇంకా పెంచు. మూడున్నర దాటింది, పూర్తిగా పెంచు."

"వినబడిందా అండీ? ఆవిడే మనకి సాయం చేస్తోంది," అని గొణిగాడు తక్కెడ.

యాభై రెండు. సీసాలో రెండు గుక్కలున్నాయి. రుమాలు అంచులు అట్టలా బిగుస్తున్నాయి. తేమ అంకె ఇరవై ఆరు, ఇరవై మూడు. సీసాను అత్తగారి పెదాల దగ్గర పెట్టాడు.

"తాగండి. మీరు తాగండి. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

"సెన్సర్ మీద పొయ్యండి."

"అత్తయ్యగారూ, మీకేమన్నా అయితే మీ అమ్మాయికి నేనేం చెప్పను?"

"నోర్మూసుకుని పొయ్యి నాయనా!"

పెళ్ళయిన పదహారేళ్ళలో ఆవిడ అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. తక్కెడ లేచాడు. గోడ పట్టుకుని వెళ్ళి, ఆ రెండు గుక్కలూ రుమాలు మీద పోశాడు. అంకె ఇరవై ఒకటి దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ముప్పైకి ఎక్కింది. ఖాళీ సీసా చేతిలోంచి జారి దొర్లిపోయింది.

వచ్చి ఆవిడ పక్కనే పడుకున్నాడు. యాభై నాలుగు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, నాడి పరుగెడుతోంది. తలకాయలో ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. భార్యకు చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుంటుంటే మొదటి మాట దగ్గరే చెదిరిపోతున్నాయి. యాభై అయిదు. ఆ అంకె అక్కడే నిలబడింది, కదలదు. ఎంతసేపు నిలబడిందో అతనికి తెలియదు.

లైట్లు ఆరిపోయాయి. యంత్రం మూలిగి ఆగింది. తలుపు దగ్గర చిన్నగా, వేలు విరిచిన చప్పుడంత మెల్లగా, టిక్‌మంది.

"అత్తయ్యగారూ!"

"వినబడింది." ఆవిడ అప్పటికే మోకాళ్ళ మీద లేస్తున్నారు. కింది అరలోంచి ఇంకా పగలని కాయలున్న ట్రే ఒకటి లాగారు. "తలుపు తెరువు. బయట ఎవడో ఒకడు ఉంటాడు."

ఉన్నాడు. తలుపు తెరుచుకోగానే పిస్తోలు ఎత్తిన కాపలావాడు. తక్కెడ వంగాడు. అతని తల మీదుగా ట్రే ఎగిరింది. అంత ఎండిన కాయలు నేలను తాకగానే వందలకొద్దీ ఒక్కసారిగా పేలాయి. వాడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక అడుగు వేశాడు. ఆ అడుగు గుండ్రటి ఆవగింజల మీద పడింది. రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయి. పిస్తోలు పేలి గుండు కప్పుకు తగిలింది. వాడి తల నేలకు తగిలింది.

తక్కెడ పిస్తోలు అందుకుని, గడియారం మీట నొక్కి, గోడ పట్టుకుంటూ మెట్లు దిగాడు. ఎర్ర చుక్క వెలిగింది.

కింద గరాటు దగ్గర ముత్యం ఉంది. కరెంటు లేకపోతే పలకను చేత్తో తెరిచే చక్రం ఉంటుంది. ఆమె చేతులు దాని మీదే ఉన్నాయి. చక్రం పక్కన రేకు మీద రాసుంది: ఏడు చుట్లకు తెరుచుకొనును.

"అయిదు," అంది ఆమె, చక్రం తిప్పుతూనే. "కాల్చవు నువ్వు. గానుగ గురించి మీకేం తెలిసినా నా నోట తెలిసిందే. నేను చస్తే మీ శాఖకి రెండు కళ్ళూ పోతాయి. ఆరు."

నిజమే. చూపు మసకగా ఉంది. కాలిస్తే ఎక్కడ తగులుతుందో కూడా తెలియదు. పలక అంచు కదిలి, లోపల గింజల బరువు గరగరలాడింది. ఆమె ఏడో చుట్టు మొదలుపెట్టింది.

తక్కెడ మిగిలిన మూడు మెట్లూ దూకి పడిపోతూ, చేతిలోని పిస్తోలును గొట్టం ముందుగా చక్రం ఊచల మధ్య గుచ్చాడు. చక్రం ఠంగుమని ఆగిపోయింది. ఆమె రెండు చేతులా ఒత్తింది. గొట్టం కిర్రుమంది, చక్రం కదల్లేదు.

టైము నాలుగుకు రెండు నిమిషాలు. గేటు దగ్గర జీపుల హారన్లు.

ముత్యం చక్రం వదిలేసింది. జుట్టు సవరించుకుంది. "సరే. మళ్ళీ మీవైపే ఉంటాను. నాకు తెలిసింది చాలా ఉంది, మీకు నా అవసరం ఉంటుంది."

పై మెట్టు మీద అత్తగారు, గోడకు ఆనుకుని, ఒళ్ళో ఆఠీను చెక్కలున్న ట్రేతో కూర్చుని ఉన్నారు.

"అమ్మాయ్," అన్నారు బొంగురుపోయిన గొంతుతో, "ముందు నాకెవరైనా మంచినీళ్ళివ్వండి. అవసరాల సంగతి తర్వాత."

* * *

గాదెలో విత్తనం గింజ కూడా కల్తీ కాలేదు. గరాటులో గింజలు కాల్చేశారు, ఖాళీ చెక్కలు సీలు వేశారు. ముత్యం ఇచ్చిన పేర్లతో సాయంత్రానికల్లా పదకొండు మందిని పట్టుకున్నారు. సరిహద్దు అవతల గానుగ ఆగిపోయిందని చెప్పలేంగానీ, ఈ ఏడాదికి దానిలో పోయడానికి గింజలు లేవు.

పెద్దాయన గదిలో అత్తగారు మూడో సీసా నీళ్ళు తాగుతూ రహస్య పత్రం చదువుతున్నారు. రెండు అక్షరదోషాలు దిద్ది సంతకం పెట్టారు. అందులో ఉన్నది ఒకటే: జరిగిన సంగతి ఎవరికీ, సొంత కుటుంబానికి కూడా, చెప్పకూడదు.

అప్పుడే ఆవిడ ఫోను మోగింది. కూతురు. తక్కెడ మొహంలో రంగు పోయింది. కందిపోయిన చర్మానికీ, పగిలిన పెదాలకీ చెప్పే కారణం అతను ఇంకా ఆలోచించలేదు.

"ఏమ్మా?" అన్నారు అత్తగారు హాయిగా. "ఆఁ, అల్లుడుగారితోనే ఉన్నాను. మొక్కల ప్రదర్శన పెట్టారంటే నేనే లాక్కొచ్చాను. టికెట్ల కోసం రెండు గంటలు ఎండలో నిలబెట్టారే తల్లీ, ఇద్దరం కమిలిపోయాం. ఆయన్నేం అనకు, వద్దంటూనే ఉన్నారు పాపం. పువ్వులా? ఏం పువ్వులే, అన్నీ ప్లాస్టిక్కువే. వచ్చేస్తున్నాం."

ఫోను పెట్టేసి నీళ్ళు తాగారు. కన్నార్పలేదు, గొంతు తడబడలేదు.

పెద్దాయన తక్కెడను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "మూడేళ్ళు ముత్యం ఎవరివైపు ఉందో కనిపెట్టలేకపోయాం. ఈవిడని శాఖలోకి తీసుకుంటే అలా కాకూడదయ్యా. ఎవరివైపో ముందే తేల్చుకో."

"తేలిపోయి పదహారేళ్ళయింది సార్," అన్నాడు తక్కెడ. "మా ఆవిడవైపు."